రష్యా జానపద దుస్తులు, నేటి ఫ్యాషన్: తరచుగా అడిగే ప్రశ్నలు

రష్యన్ ఫ్యాషన్ అనగానే నల్లటి శాలువా మీద ఎర్ర గులాబీలు గుర్తొస్తాయి. కొనేవాళ్ళూ కుట్టించుకునేవాళ్ళూ ఎక్కువగా అడిగేది కూడా ఆ పువ్వుల గురించే. కానీ ఆ పల్లెల దుస్తుల్లో నేర్చుకోవాల్సిన పనితనం పువ్వులో కంటే కోతలో ఎక్కువగా ఉంది. అందుకే ఇక్కడ శాలువాతో పాటు, చంక కింద కుట్టే చిన్న చదరపు ముక్క గురించీ విడిగా చెప్పాం.

రష్యన్ జానపద దుస్తులు అంటే ఏవేవి?

అన్నిటికీ అడుగున ఉండేది రుబాఖ, అంటే అవిసె నారతో నేసిన పొడుగు చొక్కా. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ అదే మొదటి బట్ట. ఉత్తర ప్రాంతాల్లో, మధ్య రష్యాలో ఆడవాళ్ళు దాని మీద సరఫాన్ వేసేవారు. ఇది భుజాల మీద పట్టీలతో నిలిచే, చేతుల్లేని పొడవాటి గౌను. దక్షిణాన ర్యాజాన్, తంబోవ్, వరోనెజ్ వైపు సరఫాన్ బదులు పన్యోవ అనే గళ్ళ ఉన్ని బట్టను నడుముకి చుట్టి, దాని మీద ఏప్రన్ కట్టేవారు. పెళ్ళయిన ఆడవాళ్ళు తలకి కకోష్నిక్ గానీ వేరే ఆకారాల తలపాగాలు గానీ పెట్టి, జుట్టు పూర్తిగా కప్పుకునేవారు. మగవాళ్ళది కసవరోత్క, అంటే మెడ చీలిక ఓ పక్కకి ఉండే చొక్కా. చలికి నొక్కి చేసిన ఉన్ని బూట్లు వాలెంకి, భుజాలకి ప్లతోక్ అనే చదరపు శాలువా.

ఇవాళ దుకాణాల్లో కనబడేది ఎక్కువగా ఉత్తరాది దుస్తుల ఛాయ.

ఇవన్నీ రైతుల బట్టలేనా? రాజులు, జమీందార్లు వేసుకోలేదా?

ఒకప్పుడు కోత అందరిదీ ఒకటే, బట్ట ఖరీదులోనే తేడా. 1700లో మొదటి పీటర్ చక్రవర్తి కొలువులోని వాళ్ళూ పట్నవాసులూ పడమటి దేశాల దుస్తులే వేయాలని ఆజ్ఞ ఇచ్చాడు. రైతులకీ మతాధికారులకీ ఆ ఆజ్ఞ వర్తించలేదు. దాంతో పాత దుస్తులు పల్లెల్లో మిగిలి, క్రమంగా రైతుల బట్టలనే పేరు తెచ్చుకున్నాయి.

తర్వాత అదే కొలువు వాటిని వేడుక దుస్తులుగా వెనక్కి తెచ్చుకుంది. 1834లో మొదటి నికొలాయ్ కాలంలో కొలువు స్త్రీలకి సరఫాన్, కకోష్నిక్‌లను పోలిన దుస్తులను నిబంధనగా పెట్టారు. 1903లో వింటర్ ప్యాలెస్‌లో జరిగిన వేడుకకి అతిథులంతా 17వ శతాబ్దపు రష్యన్ దుస్తుల్లో వచ్చారు. ఆనాటి ఫోటోలు నేటి డిజైనర్లకి ఇప్పటికీ పాఠ్యపుస్తకాలే. కాబట్టి ర్యాంప్ మీద ‘రష్యన్ జానపదం’ పేరుతో కనబడేదాంట్లో చాలా భాగం నేరుగా పల్లె నుంచి వచ్చింది కాదు. పల్లె బట్టను కొలువు ఊహించుకున్న తీరు అది. ముత్యాలూ బంగారు జరీ దట్టంగా ఉంటే కొలువు వైపు, ఎర్రదారపు కుట్టుతో అవిసె బట్ట ఉంటే పల్లె వైపు అని గుర్తు పెట్టుకోవచ్చు.

సరఫాన్ అనే మాట వినడానికి మన ఉర్దూ మాటలా ఉందే?

మూలం పారసీకమే. ‘సరాపా’ అంటే తల నుంచి పాదాల దాకా. ఉర్దూ తెలిసినవాళ్ళకి సర్, పా రెండూ తెలిసిన మాటలే. రష్యన్‌లో ఈ పేరు మొదట్లో మగవాళ్ళ పొడుగు అంగీకి వాడేవారు. ఆడవాళ్ళ గౌనుకి తర్వాత స్థిరపడింది.

ప్రపంచ ఫ్యాషన్‌లోకి ఈ ఛాయ ఎలా వచ్చింది?

ముందు రంగస్థలం మీదుగా వచ్చింది. 1909లో ద్యాగిలెవ్ అనే రష్యన్ నిర్వాహకుడి బృందం పారిస్‌లో బ్యాలే ప్రదర్శనలు మొదలుపెట్టింది. బాక్స్త్, రోయెరిక్, గొంచరోవా అనే చిత్రకారులు గీసిన వేషధారణ చూసి పారిస్ కళ్ళు తిరిగాయి. కుట్టుగృహాల్లో పాల్ ప్వారె అందరికంటే ముందున్నాడు. 1911లో రష్యా వెళ్ళి వచ్చాడు.

1917 విప్లవం తర్వాత దేశం వదిలి వచ్చిన కులీన స్త్రీలు పారిస్‌లో సూదిపనితో బతికారు. మరియా పావ్లొవ్నా అనే రాజకుమారి 1921లో కిత్‌మిర్ అనే ఎంబ్రాయిడరీ గృహం పెట్టింది. పారిస్ డిజైనర్ షనెల్ 1922 నాటి రష్యన్ ఛాయ దుస్తులకి, నడుము పట్టీ కట్టే పొడుగు రుబాఖ తరహా జాకెట్లకి, ఎంబ్రాయిడరీ చేసింది ఆమె మనుషులే. ఇటు మాస్కోలో బట్టకే కరువు. నదేజ్దా లమానొవా అనే డిజైనర్ పల్లె తువ్వాళ్ళనీ ముతక అవిసె బట్టనీ కోసి, ఆ కాలపు తిన్నని గౌన్లు కుట్టింది. 1925 పారిస్ ప్రదర్శనలో వాటికి బహుమతి వచ్చింది. ఈ మొత్తం చరిత్రలో మాకు అత్యంత విలువైనదిగా కనిపించేది లమానొవా పనే. తువ్వాలు అంచు ఎక్కడుందో చూసి, దాన్ని గౌను అంచుగా నిలబెట్టింది. బట్టను వేరే ఆకారంలోకి బలవంతపెట్టలేదు.

1960ల మొదట్లో స్లావా జైత్సెవ్ అనే డిజైనర్ పనిదుస్తుల కర్మాగారంలో ఉద్యోగి. పల్లె కార్మిక స్త్రీల కోసం దూది కుట్టిన జాకెట్లకి శాలువా పువ్వుల బట్ట జోడించి, వాలెంకికి రంగులు వేయించాడు. సోవియట్ పెద్దలు తిరస్కరించారు. 1963లో ఓ ఫ్రెంచి వారపత్రిక వాటిని అచ్చువేసింది. 1976లో ఫ్రెంచి డిజైనర్ ఈవ్ సాఁ లొరాఁ తెచ్చిన ‘ఒపెరా – రష్యన్ బ్యాలే’ సేకరణతో వెల్వెట్, బొచ్చు అంచులు, నిండు కుచ్చుల స్కర్టు, శాలువా కలిసిన రూపం ఫ్యాషన్‌లో స్థిరపడింది. 2008 చివర షనెల్ గృహం ‘పారిస్ – మాస్కో’ పేరుతో కకోష్నిక్‌లతో సహా అదే దారిలో వెళ్ళింది. ఆ తర్వాతి తరంలో ఉల్యానా సెర్గేయెంకొ పేరు చెప్పాలి. 2012 నుంచి పారిస్‌లో చూపిస్తూ, రష్యన్ పల్లె లేసులకీ దారాలు లాగి చేసే కుట్టుకీ నిజమైన పని కల్పించింది.

ఎర్ర కుట్టుపని ఉన్న తెల్ల చొక్కా ‘వీషివాంక’ కూడా రష్యన్‌దేనా?

కాదు, అది ఉక్రెయిన్‌ది. తలకి పూలకిరీటం, రిబ్బన్లు కూడా ఆ పక్కవే. రష్యన్ చొక్కాలకీ ఎర్ర కుట్టు ఉంటుంది కాబట్టి గందరగోళం సహజం. అయినా అమ్మేటప్పుడూ రాసేటప్పుడూ ఈ తప్పు చేయకూడదు. ముఖ్యంగా 2022 యుద్ధం తర్వాత ఉక్రెయిన్ వాళ్ళకి ఆ చొక్కా తమ ఉనికికి గుర్తు. దాన్ని ‘రష్యన్ స్టైల్’ అనడం వాళ్ళని నొప్పించడమే. అన్నీ కలిపి ‘స్లావ్ స్టైల్’ అని చీటీ అంటించడం కూడా పరిష్కారం కాదు. ఏ ఊరి పనో తెలిస్తే ఆ ఊరి పేరు రాయడం మేలు.

శాలువాల మీది ఆ గులాబీలు ఎక్కడివి?

మాస్కోకి తూర్పున ఉన్న పావ్లొవ్‌స్కీ పసాద్ పట్నానివి. అక్కడి కర్మాగారం తన పుట్టుకను 1795 నుంచి లెక్కవేస్తుంది. 1860లలో దాని యజమానులు యాకొవ్ లాబ్జిన్, వసీలీ గ్ర్యాజ్నొవ్ కలిసి దాన్ని ఉన్ని శాలువాల మీద అచ్చుపనికి మళ్ళించారు. నలుపు, ఎరుపు, మీగడ రంగు, ముదురు నీలం, ఆకుపచ్చ నేల మీద గులాబీలు, డాలియాలు, చిన్న గడ్డిపూలు వేస్తారు. మూలల్లో గుత్తులు దట్టంగా, మధ్యకి వచ్చేసరికి పలచగా ఉంటాయి. భుజం మీద వేసినప్పుడు ముక్కోణపు కొస వీపు మీద పడుతుంది కదా, ఆ కొసలోనే పువ్వంతా ఉండాలి.

దీంట్లో మన దేశపు వాటా ఉంది. 19వ శతాబ్దంలో ఐరోపా అంతటా కశ్మీర్ శాలువాలకి నకళ్ళు తయారయ్యాయి. పసాద్ శాలువాల మీద ఇప్పటికీ కనబడే వంపు తిరిగిన మామిడిపిందె అక్కడి నుంచి వచ్చిందే. రష్యన్లు దాన్ని ‘తుర్కీ దోసకాయ’ అంటారు. నూలు మీద అచ్చువేసిన బట్టని వాళ్ళు ‘సీతెత్స్’ అంటారు. మన భాషల ‘ఛీంట్’, తెలుగులో చీటిగుడ్డ అనే మాట, డచ్చివాళ్ళ నోట ‘సిట్స్’ అయి, రష్యాలో సీతెత్స్ అయింది. డచ్చివాళ్ళు మచిలీపట్నంలో వర్తకశాల పెట్టింది 1605లో. అక్కడి నుంచి ఓడలెక్కిన అద్దకాల బట్టల వెంటే ఈ మాటా నడిచింది.

శాలువా మీద పువ్వుల్ని ఎలా అచ్చువేస్తారు?

1970ల దాకా చెక్క అచ్చులతో వేసేవారు. గీతలకో రకం అచ్చు, రంగు నింపడానికి మరో రకం. గీతల అచ్చులో సన్నని లోహపు గీతలు ఉండేవి. పెడన, మచిలీపట్నం అచ్చుపని చూసినవాళ్ళకి గీతల అచ్చు వేరు, రంగు అచ్చు వేరు అనే పద్ధతి కొత్తేమీ కాదు. పువ్వుకి చాలా ఛాయలుంటాయి కాబట్టి ఒక్క శాలువాకి వందల సార్లు అచ్చు దించాల్సి వచ్చేది. ఇప్పుడు చెక్క పోయి, జాలీ తెరలు వచ్చాయి. రంగుకో తెర. అచ్చయ్యాక ఆవిరిలో పెడితే రంగు ఉన్నిలోకి దిగి నిలుస్తుంది. తర్వాత ఉతికి, ఆరబెట్టి, చదరాలుగా కోసి కుచ్చులు కడతారు.

కొనేటప్పుడు అసలుదా, పాలిస్టర్ నకలా అని ఎలా తేల్చుకోవాలి?

ముందు కుచ్చు నుంచి గానీ అంచు నుంచి గానీ ఒక్క పోగు లాగి వెలిగించండి. ఉన్ని అయితే జుట్టు కాలిన వాసన వస్తుంది, మంట తానే ఆగిపోతుంది, మిగిలిన బూడిద వేళ్ళ మధ్య నలిపితే పొడి అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. ఒక్క హెచ్చరిక: పసాద్ కర్మాగారమే కొన్ని రకాలకి పట్టు కుచ్చులు కడుతుంది, కాబట్టి కుచ్చుని మాత్రమే పరీక్షించి తీర్పు చెప్పొద్దు. నేత పోగు కూడా కాల్చి చూడండి. అంగట్లో కాల్చనివ్వకపోతే పిడికిట్లో గట్టిగా నలిపి వదలండి. సన్న ఉన్ని మెల్లగా విచ్చుకుంటుంది. పాలిస్టర్ జారిపోతూ, చేతికి చల్లగా జిలుగ్గా తగులుతుంది.

తర్వాత వెనక్కి తిప్పండి. అసలుదాంట్లో వెనక వైపు రంగు కాస్త తేలికైనా పువ్వు స్పష్టంగా ఉంటుంది. డిజిటల్ నకలు వెనక దాదాపు తెల్లగా ఉంటుంది. చీటీ మీద డిజైన్ పేరు, చిత్రకారుడి పేరు, డిజైన్ సంఖ్య ఉంటాయి. ఆ సంఖ్య పక్కన చిన్న గీత తర్వాత ఉండేది రంగుల కూర్పు సంఖ్య. ఒకే డిజైన్ నల్ల నేల మీదా మీగడ నేల మీదా దొరుకుతుంది కాబట్టి, దూరం నుంచి తెప్పించుకునేటప్పుడు ఆ రెండో అంకె తప్పకుండా చెప్పాలి. చాలామంది ఇక్కడే పొరబడతారు.

రష్యాలో వైద్యం చదువుతున్న తెలుగు పిల్లల చేత తెప్పించుకునేవాళ్ళు ‘పావ్లొవో-పసాద్ శాలువా, ఉన్ని’ అని కచ్చితంగా రాసి పంపండి. పర్యాటకుల అంగళ్ళలో ‘రష్యన్ శాలువా’ అని అడిగితే ఏదైనా చేతిలో పెట్టొచ్చు.

ఏ కొలత తీసుకోవాలి? మన వేడికి ఎలా వాడాలి?

ఎప్పుడూ చదరమే. సాధారణంగా దొరికే పక్కలు 89, 110, 125, 146 సెం.మీ. మెడకైతే 89 చాలు. తలకీ మెడకీ కలిపి 110. భుజాలు కప్పుకోవడానికి 125 సరిపోతుంది. పొడగరులకీ, కోటు మీద వేసుకోవాలనుకునేవారికీ 146.

కోస్తాలో మేలో ఉన్ని శాలువా వేసుకోమని ఎవరూ చెప్పరు. డిసెంబరు, జనవరి రాత్రి ప్రయాణాలకీ, ఏసీ హాళ్ళలో జరిగే వేడుకలకీ ఇది చక్కగా సరిపోతుంది. జరీ చీర మీద మాత్రం జాగ్రత్త. జరీ అంచు గరుకుగా ఉంటే సన్న ఉన్ని పోగులు లాగేస్తుంది. ఒకే రంగు నూలు చీర మీదో పొడుగు కుర్తా మీదో వేస్తే రెండూ బాగుంటాయి. పువ్వుల చీర మీద పువ్వుల శాలువా అంటే రెండూ ఓడిపోతాయి.

శాలువాని కోసి జాకెట్ కుట్టించుకోవచ్చా?

కుట్టించవచ్చు. రష్యాలో ఇదే ఇప్పుడు బాగా నడుస్తోంది. 146 సెం.మీ. శాలువా ఒకటి ఉంటే చేతుల్లేని, తుంటి దాకా వచ్చే జాకెట్ వస్తుంది. లెక్క ఇలా:

ముందు కుచ్చులు విప్పి దాచండి. శాలువాని పరిచి, ఒక అంచు వెంబడి రెండు మూలల్లో రెండు ముందు భాగాలు పెట్టండి. ఒక్కోటి 30 సెం.మీ. వెడల్పు, 60 పొడవు. మూల అంచులు రెండూ జాకెట్ కింది అంచుకీ, ముందు తెరుచుకునే అంచుకీ రావాలి. ఎదుటి అంచు మధ్యలో వీపు భాగం, 58 వెడల్పు, 60 పొడవు. రెండు 60లు పోగా నడుమ 26 సెం.మీ. పట్టీ మిగులుతుంది. మెడ పట్టీకీ చంకల పట్టీకీ అది సరిపోతుంది.

చెడిపోయేది మూడు చోట్ల. కోసిన వెంటనే జిగ్‌జాగ్ వేయకపోతే సన్న ఉన్ని పోగులు విడిపోయి, 1.5 సెం.మీ. కుట్టు వదులు కాస్తా అర సెంటీమీటరుకి వస్తుంది. గట్టి ఫ్యూజింగ్ అతికిస్తే బట్ట అట్టలా నిలబడి, శాలువాకుండే జాలువారే గుణం పోతుంది. పల్చటి నూలు లైనింగ్ చాలు. ఇక మూడోది: లైనింగ్‌ని ముందే నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టాలి, లేకపోతే మొదటి ఉతుక్కి అది కుంచించుకుపోయి కింది అంచు లోపలికి లాగుతుంది. ఇంట్లో తాతమ్మల నాటి పాత శాలువా ఉంటే దయచేసి కోయొద్దు. చెక్క అచ్చుల కాలంనాటిది కావచ్చు.

కసవరోత్క కుట్టడానికి ఎంత బట్ట పడుతుంది?

పాత రష్యన్ మగ్గం మీద బట్ట వెడల్పు సుమారు 40 సెం.మీ. మాత్రమే. ఇంట్లో పండించి, వడికి, నేసిన బట్ట కాబట్టి ముక్క పారేయడం తప్పు. అందుకే చొక్కా అంతా దీర్ఘచతురస్రాలూ చదరాలే. నేటి 110 సెం.మీ. పన్నా బట్టతోనూ ఆ పద్ధతి చక్కగా కుదురుతుంది. పూర్తయ్యాక చుట్టుకొలత 120, పొడవు 80 ఉండే వదులు చొక్కాకి ఇదీ లెక్క.

బట్ట పొడవు 1.7 మీటర్లు. నూలు గానీ లినెన్ గానీ కుంచించుకుంటుంది కాబట్టి 1.8 మీటర్లు కొని, ఉతికి, తర్వాత కోయండి. పన్నాలో 63 సెం.మీ. ఒంటికి వదలండి. అది 168 సెం.మీ. పొడవున ముందూ వెనకా ఒకే ముక్క, భుజం దగ్గర మడత మాత్రమే, కుట్టు ఉండదు. మిగిలిన 47 సెం.మీ. పట్టీ నుంచి ఒక్కోటి 55 పొడవుతో రెండు చేతులు. ఇంకా 58 సెం.మీ. ముక్క మిగులుతుంది. దాంట్లో నిలువు కాలర్, మెడ చీలిక పట్టీలు, 15 సెం.మీ. చదరాలు రెండు వస్తాయి. దాదాపు పీలిక కూడా మిగలదు.

మెడ రంధ్రం మొదట చిన్నగా కోయండి: 16 సెం.మీ. వెడల్పు, ముందు 7 లోతు, వెనక 2. సరిపోకపోతే పెంచుకోవచ్చు, పెరిగిందాన్ని తగ్గించలేం. చీలిక మధ్య నుంచి ఎడమకి 6 సెం.మీ. జరిపి, 28 సెం.మీ. కిందికి. కాలర్ ఎత్తు 3.5. భుజాల మీదా ఛాతీ పైభాగం లోపలా పల్చటి బట్ట ఒక పొర వేసేవారు, చెమటకీ బరువుకీ చిరగకుండా. దాని పేరు పదప్ల్యోక. ఇవాళ రష్యన్‌లో ఆ మాటకి ‘లోపలి అసలు కారణం’ అని అర్థం. చొక్కా లోపలి పొర ఏదో తొడుక్కున్నవాడికే తెలుస్తుంది కదా.

చంక కింద ఆ చదరం ఎందుకు? అది లేకుండా కుట్టకూడదా?

కుట్టకూడదు. మొత్తం చొక్కాలో ఇదే ప్రాణం. తిన్నని ఒంటికి తిన్నని చెయ్యి అతికితే, చెయ్యి ఎత్తగానే చొక్కా మొత్తం పైకి లేస్తుంది. కొన్నాళ్ళకి చంక దగ్గర చిరుగుతుంది. లాస్తవిత్స అనే ఈ చదరం చంకలో మూలగా పడుతుంది. బట్ట క్రాస్‌లో సాగుతుంది కాబట్టి చెయ్యి కదలడానికి చోటు వస్తుంది. కలీలు, అంటే ఏటవాలు ముక్కలు, కలిపి కుట్టే కుర్తాల్లో చంక ముక్కదీ ఇదే పని.

కుట్టే వరస: చేతిని ఒంటికి అతికించండి, కానీ కుట్టు రెండు చివర్లలోనూ అంచు దాకా పోకూడదు. ఒక్క 1.5 సెం.మీ. ముందు ఆగితే చాలు. తర్వాత చదరపు ఒక పక్కని చేతి అడుగు అంచు ముందు వైపుకి, దాని పక్కదాన్ని ఒంటి పక్క అంచు ముందు వైపుకి కుట్టండి. మిగతా రెండు పక్కలూ వెనక వైపుకి అలాగే. చివరగా చేతి అడుగు, ఒంటి పక్క కుట్లు వేయండి. ప్రతి మూలలోనూ కుట్టు సరిగ్గా 1.5 సెం.మీ. ముందు ఆగి, వెనక్కి రెండు కుట్లు వేసి తెంచాలి. మూల దాటి ఒక్క కుట్టు పోయినా అక్కడ ముడత పడుతుంది, ఎంత ఇస్త్రీ చేసినా పోదు. అప్పుడు విప్పి మళ్ళీ వేయడం ఒక్కటే దారి.

పాత చొక్కాల్లో ఈ చదరాన్ని ఎర్రబట్టతో వేసేవారు. చెయ్యి ఎత్తినప్పుడు మాత్రమే కనబడే ఆ ఎరుపు చాలా అందంగా ఉంటుంది. రష్యన్‌లో ఎరుపుకీ అందానికీ మాట మూలం ఒక్కటే. తయారుగా దొరికే ‘రష్యన్ చొక్కా’ల్లో ఛాతీ మీద యంత్రపు ఎంబ్రాయిడరీ నిండుగా ఉంటుంది, ఈ ముక్క మాత్రం ఉండదు. కొనేటప్పుడు ముందు చంక చూడండి.

సరఫాన్ కుట్టాలంటే?

తిన్నని సరఫాన్ తేలిక. 160 సెం.మీ. ఎత్తున్న మనిషికి చంక కింద నుంచి చీలమండ దాకా సుమారు 115 సెం.మీ. కింద మడతకి 5, పైన కుట్టుకి 2 కలిపి 122. పన్నా 110 అయితే మూడు ముక్కలు కలిపితే ఘేరా 3.3 మీటర్లు. అంటే 3.7 మీటర్లు, పై పట్టీకీ భుజాల పట్టీలకీ కలిపి 4 మీటర్లు తీసుకోండి. ఛాతీ చుట్టు 90 ఉంటే పై పట్టీ 98. అంటే మూడింతలకి పైగా బట్టని ఆ కొలతలోకి దగ్గరికి లాగాలి. సన్న నూలు అయితే రెండు వరసల దారం లాగి కుచ్చులు పెట్టొచ్చు. బ్రొకేడ్ లాంటి మందపు బట్ట అలా లాగితే ఛాతీ దగ్గర ఉబ్బి నిలబడుతుంది. దానికి చిన్న మడత కుచ్చిళ్ళే పెట్టాలి.

భుజాల పట్టీలు జారిపోతున్నాయనేది అందరి ఫిర్యాదు. పట్టీలు వెనక దూరదూరంగా కుట్టడం వల్ల అలా అవుతుంది. పాత సరఫాన్‌లలో అవి వీపు మధ్యన దాదాపు ఒకే చోట కలుస్తాయి. ముందు మాత్రమే విడిగా ఉంటాయి. అలా కుడితే జారవు. ఏటవాలు ముక్కలతో, ముందు నిలువునా గుండీల వరసతో ఉండే సరఫాన్ ఇంకా పాతది. పొట్టిగా, నిండుగా ఉన్నవాళ్ళకి అది బాగా నప్పుతుంది. ఛాతీ దగ్గర కుచ్చులే ఉండవు కాబట్టి.

కకోష్నిక్ రోజువారీ ఫ్యాషనా?

కాదు. నగల రూపంలో, వెడల్పు హెయిర్‌బ్యాండ్ రూపంలో వస్తోంది. 2018 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో అభిమానులు పెట్టుకున్నవి సరదా అట్ట ముక్కలు. అసలుది పెళ్ళయిన స్త్రీ పండగ తలపాగా, ఊరి ఊరికీ ఆకారం మారేది. పెళ్ళికాని పిల్లలు జడ కనబడేలా పైన తెరిచి ఉన్న పట్టీ మాత్రమే కట్టేవారు. ఫోటోల్లో జుట్టు విరబోసుకుని కకోష్నిక్ పెట్టడం పాత రష్యన్ కంటికి మింగుడు పడని సంగతి.

గ్జెల్ నీలి పువ్వులు, ఖఖ్లామా ఎరుపు బంగారం బట్టల మీద వేయడం సంప్రదాయమేనా?

గ్జెల్ పింగాణీ పాత్రల మీది పని, ఖఖ్లామా చెక్క గిన్నెల మీది పని. బట్ట మీదకి రావడం కొత్త సంగతి. బాగుంటే వేసుకోండి, జానపద దుస్తులని మాత్రం అనొద్దు.

లేసు, బంగారు కుట్టు ఎక్కడివి?

వోలొగ్దా లేసు చెక్క కడ్డీలకి దారం చుట్టి అల్లేది. ఒకే వెడల్పు పట్టీ తెగకుండా మెలికలు తిరుగుతూ మొత్తం డిజైన్‌ని గీస్తుంది, మధ్యలో సన్న జాలీ నింపుతుంది. యంత్రపు లేసులో ఆ పట్టీ మధ్యమధ్య తెగుతుంది. పోల్చుకోవడానికి అదే గుర్తు. తర్జోక్ ఊరిది బంగారు కుట్టు. బంగారు దారం బట్ట వెనక్కి వెళ్ళదు. పైనే పరిచి, సన్న పట్టుదారంతో అక్కడక్కడ పట్టి కుడతారు. మగ్గం వర్క్ చేసేవాళ్ళకి ఈ పద్ధతి చూడగానే అర్థమవుతుంది. లేసుని జాకెట్‌కి అతికించేటప్పుడు బట్టనీ లేసునీ విడివిడిగా ముందే ఉతకాలి. లేకపోతే రెండూ వేర్వేరుగా కుంచించుకుంటాయి.

ఒరెన్‌బుర్గ్ శాలువా ఉంగరంలోంచి దూరుతుందంటారు, నిజమేనా?

‘సాలెగూడు’ అనే పల్చటి రకం దూరుతుంది. మందపాటి వెచ్చటి రకం దూరదు, దూరకపోవడం లోపమూ కాదు. మేక మెత్తటి లోబొచ్చుని చలికాలం చివర దువ్వి తీసి, సన్న పట్టుదారంతో కలిపి పురివేసి, చేత్తో అల్లుతారు. కొత్తదాంట్లో అల్లిక స్పష్టంగా కనబడాలి. నూగు తర్వాత వాడుతుంటే పైకి లేస్తుంది. అంగట్లోనే బొచ్చుబొచ్చుగా ఉంటే యంత్రం మీద దువ్వి ఉంటారు, అది త్వరగా రాలుతుంది.

ఫ్యాషన్ ఇంకా పట్టించుకోనిది ఏమైనా ఉందా?

దక్షిణ రష్యా. పన్యోవ గళ్ళూ, వరోనెజ్ చొక్కా చేతుల మీది నల్లదారపు లెక్క కుట్టూ ఇంకా సరిగ్గా వాడుకలోకి రాలేదు. తెలుపు మీద నలుపు, కొలతగా దారాలు లెక్కపెట్టి వేసిన కోణాల ఆకారాలు అవి. నేటి తిన్నని కోత దుస్తులకి గులాబీల కంటే ఇవే బాగా సరిపోతాయని మా అభిప్రాయం.

ఉన్ని శాలువాని ఎలా ఉతకాలి, ఎలా దాచాలి?

ముందు తెల్లగుడ్డ తడిపి, ఎర్రని చోట మూలన నొక్కి చూడండి. రంగు అంటితే డ్రైక్లీనింగ్‌కి ఇవ్వండి. అంటకపోతే 30 డిగ్రీలు దాటని నీళ్ళలో ఉన్ని షాంపూ వేసి, నానబెట్టకుండా, ఐదు నిమిషాల పాటు మెల్లగా ముంచి తీయండి. బట్టలసబ్బు వద్దు, దాంట్లోని క్షారం ఉన్నిని గట్టిపరుస్తుంది. జాడించే నీళ్ళు కూడా అదే వేడి ఉండాలి. వేడినీళ్ళ నుంచి చన్నీళ్ళకి మారిస్తే ఉన్ని ముడుచుకుపోతుంది. పిండొద్దు. మందపాటి తువ్వాల్లో చుట్టి నొక్కి, నీడలో పరిచి ఆరబెట్టండి. తీగ మీద వేలాడదీస్తే చదరం కాస్తా సాగి వంకర అవుతుంది. కుచ్చులని తడిగా ఉండగానే వెడల్పు పళ్ళ దువ్వెనతో సరిచేయండి, ఆరాక చిక్కు విడదీస్తే పోగులు తెగుతాయి. ఇస్త్రీ తడిగుడ్డ అడ్డం పెట్టి, వెనక వైపు నుంచి.

దాచేటప్పుడు ప్లాస్టిక్ సంచి వద్దు, పాత నూలు పంచెలో చుట్టండి. కలరా ఉండలు శాలువాకి నేరుగా తగలకూడదు. వేరే గుడ్డలో మూటగట్టి బీరువా మూలన పెట్టండి. మన వానాకాలపు తేమలో నెలకోసారి తీసి, నీడలో గాలికి వేసి, మడతలు మార్చి మళ్ళీ పెట్టండి. ఒకే మడత మీద ఏళ్ళ తరబడి ఉంటే ఉన్ని అక్కడే చీలుతుంది. చిమ్మట పురుగుకి చెమట, నూనె మరకలంటే ఇష్టం కాబట్టి, ఒక్కసారి వేసుకున్న శాలువానైనా ఉతక్కుండా లోపల పెట్టకండి.